అత్తయ్య విప్పిన బొంత

మా ప్రెస్సులో ఆమెని అందరూ బైండింగక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. నేను అచ్చయి వచ్చిన కాగితాల్ని, అదే ఫారాలు, మడుస్తాను, ఆమె వాటిని వరసగా పేర్చి కుడుతుంది. పదిహేడేళ్ళుగా ఒకే బల్లకి అటు ఒకరం, ఇటు ఒకరం. దారానికి మైనం రాసి, దబ్బనంతో పొడిచి, ఆమె ఒక్క లాగు లాగిందంటే ఆ పుస్తకంలో కాగితమైనా చిరగాలి గాని కుట్టు ఊడదు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళకి మా మేనేజరు ఆ మాటే చెప్పి, ఆమె కుట్టిన పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని గుంజి చూపించేవాడు.

ఆ చేతిని పూచికపుల్లలా తీసిపారేసిన మనిషి ఒక్కరే, ఆమె అత్తగారు.

ఆవిడ బొంతలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. చిరిగిన చొక్కాలు, వెలిసిపోయిన కర్టెన్లు, పాత దుప్పట్లు, ఏది దొరికినా ముక్కలు చేసి అతికి, పైన ఆవగింజంతేసి కుట్లు దగ్గరదగ్గరగా నడిపించేది. ఆ వీధిలో పుట్టిన పిల్లల్లో ఆవిడ బొంత తడపనివాళ్ళు లేరు. పెళ్ళికి ముందునుంచే ప్రెస్సులో కుడుతున్న కోడలు, కాపురానికొచ్చిన కొత్తల్లో సాయం చేద్దామని ఒక మూల పట్టుకుని రెండు జానల మేర కుట్టిందట. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇది లెడ్జరు కాదమ్మా, మనుషులు కప్పుకునేది" అని ఆ కుట్టంతా అప్పటికప్పుడే ఊడదీసింది. తరవాత ఇరవయ్యేళ్ళు కోడలు ఆ గుడ్డల జోలికి పోలేదు.

వాళ్ళిద్దరికీ పడదని నేను చెప్పను. పడకపోవడానికి కూడా కాస్త చోటుండాలి. వాళ్ళవి రెండే గదులు, మూడో అంతస్తులో. వెనక కిటికీ తీస్తే కింద బేకరీ పొగగొట్టం. ఆమె భర్త లిఫ్టు మెకానిక్. ఊళ్ళో సగం లిఫ్టులు ఆయన చేతిమీదుగా నడుస్తాయి, వాళ్ళుండే ఇంటికి మాత్రం లిఫ్టు లేదు. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతూ, "నా కొడుకు అందరినీ పైకి ఎక్కిస్తాడు, నన్ను తప్ప" అనేది. పిల్లలు లేరు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మూడేళ్ళ కిందట ఒకరోజు ఆవిడ తన గుడ్డల మూట విప్పి, ముక్కలన్నీ నేలమీద పరిచి, "ఇది మీ ఇద్దరికీ" అంది. అన్నేళ్ళూ ఊరందరికీ కుట్టిన మనిషి ఇంట్లోవాళ్ళకి కుట్టడం అదే మొదలు. అందులో పోయిన మామగారి ఖాకీ చొక్కా ఉంది, కొడుకు గ్రీజు మరకల నీలం చొక్కాలున్నాయి, విరిగిన గొడుగు తాలూకు నల్లగుడ్డ ఉంది. అట్టల మీద అతికే ఎర్ర కాలికో గుడ్డ ముక్కలు కూడా ఉన్నాయి. ఎప్పుడో ప్రెస్సు నుంచి బల్లలు తుడవడానికని బైండింగక్క పట్టుకెళ్ళినవి. వాటిని ఆవిడ ఉతికి, ఇస్త్రీ చేసి దాచిందన్న సంగతి కోడలికి అప్పుడే తెలిసింది.

బొంత మూడొంతుల్లో రెండొంతులు అయ్యింది. అప్పుడొచ్చింది ఆ పొద్దు.

ఆ పొద్దున ఏం జరిగిందో ఆమె నాకొక్కదానికే చెప్పింది, అదీ చాలా రోజులకి. ఎనిమిది గంటలు. ప్రెస్సుకి టైమైపోతోంది. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని కుడుతోంది. చేతిలోంచి సూది జారింది. కోడలు తీసి ఇచ్చింది. మళ్ళీ జారింది. మళ్ళీ ఇచ్చింది. మూడోసారి జారినప్పుడు ఆవిడ ఏదో అంది. మాట ముద్దగా ఉంది. నోట్లో కట్టుడుపళ్ళు సరిగా పెట్టుకోలేదేమో అనుకుంది.

"కళ్ళు చూపించుకోండి అత్తయ్యా అని ఎన్నాళ్ళనుంచి చెబుతున్నాను? కాసేపు పడుకోండి" అని చెప్పి, చెప్పులేసుకుని వచ్చేసింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళేసరికి ఆవిడ కుర్చీ పక్కన నేలమీద ఉంది. కొడుకు వచ్చాడు, కింద బేకరీవాళ్ళు వచ్చారు, కుర్చీలో కూర్చోబెట్టి మూడు అంతస్తులు దింపారు. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగింది ఒక్కటే. "ఎన్ని గంటలకి మొదలైంది?"

పక్కన భర్త నిలబడి ఉన్నాడు. బైండింగక్క, "తెలీదండీ. నేను ఇంట్లో లేను" అంది.

పక్షవాతం వచ్చిన మొదటి గంటల్లో వేసే మందు ఒకటుందట. ఎప్పుడు మొదలైందో తెలియనప్పుడు అది వెయ్యడానికి లేదని డాక్టరు చెప్పాడు. ఎనిమిదింటికని నిజం చెప్పి ఉంటే వేసేవాళ్ళా, లేక అప్పటికే వేళ దాటిపోయిందా, ఆమెకి ఈనాటికీ తెలీదు. ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం.

కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాటా పోయింది, ఒక్కటి తప్ప. ఆవిడ నోట మిగిలిన మాట "కాదు". కాఫీ ఇస్తే "కాదు" అంటూనే గ్లాసు అందుకునేది. కొడుకు దగ్గరికొస్తే "కాదు, కాదు" అని బుగ్గ నిమిరేది. "ఇదివరకూ అత్తయ్య నేనేం చేసినా కాదనే అనేది, ఇప్పుడు అందరికీ సమానంగా పంచుతోంది" అని మా బల్ల దగ్గర బైండింగక్క నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

బొంత పెట్టెమీద మడిచి ఉంది. రెండు నెలలయ్యాక భర్త అన్నాడు, "అది అలా కళ్ళముందు సగంలో ఉంటే అమ్మకి బాధగా ఉంటుంది. నువ్వు పూర్తి చెయ్యరాదూ? రోజూ కుట్టేదానివేగా."

పుస్తకం కుట్టడానికీ బొంత కుట్టడానికీ ఉన్న తేడా మగవాళ్ళకి చెప్పలేక ఆమె సూది పట్టుకుంది. ప్రెస్సు నుంచి రాగానే అత్తగారి మంచం పక్కన కూర్చుని, గుండుసూదులు గుచ్చి ఉన్న ముక్కల్లో ఒకటి కుట్టింది. అత్తగారు పక్కకి తిరిగి చూస్తూ ఉంది. మర్నాడు సాయంత్రం వచ్చి చూస్తే ఆ ముక్క చుట్టూ కుట్టు లేదు. తెగిన దారప్పోగులు దుప్పటి మీద.

ముడి సరిగా పడలేదేమో అనుకుని మళ్ళీ కుట్టింది. మర్నాడు మళ్ళీ అంతే. మూడోరోజు ప్రెస్సులో పని తొందరగా అయిపోయి ఒక గంట ముందు ఇంటికెళ్ళింది. అత్తగారు పడిపోయిన కుడిచేతిని గుడ్డ మీద బరువులా పెట్టుకుని, ఎడమచేత్తో పిన్నీసు పట్టుకుని, ఒక్కొక్క కుట్టే ఎత్తి తెంపుతోంది. పక్కనే ఉన్న తన కుట్లని ముట్టుకోలేదు. కోడలివే.

ఆ రోజు బైండింగక్క గట్టిగానే అరిచిందట. "ఇంత చాకిరీ చేస్తున్నా నా చెయ్యి మాత్రం మీకు నచ్చదు, అంతేగా? మీ మలం ఎత్తడానికి పనికొచ్చే చెయ్యి, గుడ్డముక్క కుట్టడానికి పనికిరాదా?"

"కాదు" అంది అత్తగారు.

"ఏది కాదు?"

"కాదు."

మాట లేని మనిషితో పోట్లాట గోడతో పోట్లాట కంటే హీనం అని నాతో అంది. గోడ కనీసం కళ్ళు ఆర్పకుండా చూడదు కదా. ఆమె మనసులో ఇంకొకటి కూడా ఉంది. ఆ పొద్దున తను చూసి వదిలేసి వెళ్ళిన సంగతి ఈ లోకంలో ఇంకెవరికైనా తెలిసుంటే అది అత్తగారికే. అందుకే విప్పుతోందేమో. చెప్పలేదు కాబట్టి విప్పుతోందేమో.

వారానికి రెండుసార్లు వ్యాయామాలు చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది. ఆ పిల్లతో బైండింగక్క మొర పెట్టుకుంది. ఆ పిల్ల మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసింది.

"మామ్మగారు పిన్నీసు పట్టుకుంటున్నారా? ఎడమచేత్తోనా? ఆంటీ, నేను రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటే నా మొహాన విసిరికొట్టారు. ఇంతకంటే మంచి వ్యాయామం ఎక్కడుంటుంది? మీరు రోజూ కుట్టండి. ఆవిణ్ణి విప్పనివ్వండి."

అలా మొదలైంది. రోజూ సాయంత్రం ఒక ముక్క కుట్టడం, మర్నాడు సాయంత్రానికి అది ఊడి ఉండటం. తెలిసి తెలిసి బూడిదలో పోసే పన్నీరు. మొదట్లో విసుగ్గా చేసింది. నెల తిరిగేసరికి ఆ ఎడమచెయ్యి చెంచా పట్టుకుంది. ఆ తరవాత దువ్వెన. సాయంత్రం అయ్యేసరికి అత్తగారు తలుపువైపు చూస్తూ ఉండేది. కోడలు రాగానే కళ్ళతో పెట్టెవైపు చూపించి, "కాదు" అనేది. తొందరగా తే అని.

రోజూ ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ కుట్టడం వల్ల బైండింగక్క చెయ్యి కూడా మారింది. దబ్బనం బిగువు తగ్గింది. సన్నసూది, వదులు దారం. బల్ల దగ్గర ఫారాలు కుడుతూ, "పుస్తకానికి ఊపిరి అక్కర్లేదు, బొంతకి కావాలి. అదీ తేడా" అని నాకు పాఠం చెప్పేది. ఎవరు నేర్పారక్కా అంటే, "నా గురువుగారు. మాటా పలుకూ లేదు, తప్పు చేస్తే చెరిపేస్తుంది" అనేది.

అయిదో నెలలో ఒక పొద్దున ఆమె పనిలోకి వస్తూనే నా చెయ్యి పట్టుకుంది. "ఒక ముక్క ఒప్పుకుంది" అంది.

ఏమిటంటే, గొడుగు గుడ్డ పక్కన కుట్టిన ముక్కని అత్తగారు విప్పలేదట. దాన్ని వదిలేసి, దాని తరవాత కుట్టినదాన్ని విప్పిందట. పొరపాటేమో అని మర్నాడూ చూసింది. విప్పలేదు. ఇరవయ్యేళ్ళ తరవాత పరీక్ష పాసైనదానిలా ఉంది ఆమె మొహం. మేము ఆ మధ్యాహ్నం టీ తాగుతూ అందరికీ చెప్పాం. "అత్త మెచ్చిన కోడలు ఉంటుందా లోకంలో" అని కటింగు మిషను తాత ఆశ్చర్యపోయాడు. తరవాతి రెండు నెలల్లో ఇంకో మూడు ముక్కలు ఒప్పుకుంది. మిగతావన్నీ విప్పుతూనే ఉంది.

ఆ తరవాత ఒక వారం వచ్చింది. సోమవారం కుట్టింది విప్పలేదు. మంగళవారంది విప్పలేదు. బుధవారంది కూడా. శనివారానికి ఆరు ముక్కలు, ఆరూ నిలిచాయి. బైండింగక్క ఆ వారమంతా పనిలోకి కూనిరాగాలు తీస్తూ వచ్చింది. నేను కూడా సంతోషించాను. శనివారం నాడు నా డబ్బాలో అన్నం కూడా ఆమెకి పెట్టి, "ఇంక పూర్తయిపోతుందక్కా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

మర్నాడు వ్యాయామాలమ్మాయి వచ్చింది. అంతకుముందు పది రోజులు సెలవులో ఉంది. మామ్మగారి ఎడమచేతిలో తన రెండు వేళ్ళు పెట్టి నొక్కమంది. మళ్ళీ నొక్కమంది. పిన్నీసు తీసి వేళ్ళ మధ్య పెట్టింది. అది జారి దుప్పటి మీద పడింది.

"ఆంటీ, చెంచా తనంతట తనే పట్టుకుంటున్నారా ఈమధ్య?"

"నేనే పెడుతున్నాను. అలిసిపోతోందని..." అంటూ బైండింగక్క దుప్పటి మీద పడిన పిన్నీసు తీసింది.

ఆసుపత్రికి తీసుకెళ్తే, పక్షవాతం మళ్ళీ చిన్నగా వచ్చిందన్నాడు డాక్టరు. చప్పుడు లేకుండా వస్తాయట అలాంటివి. ఎప్పుడొచ్చి ఉంటుందని అడిగాడు. ఈసారి ఆమె నిజమే చెప్పింది. "సోమవారం అయ్యుంటుందండీ. సోమవారం నుంచి కుట్లు విప్పలేదు." డాక్టరుకి ఆ మాట అర్థం కాలేదు. అర్థమైనా చెయ్యగలిగింది లేదు. మందులు మార్చి రాశాడు, మింగడం జాగ్రత్తగా చూసుకోమన్నాడు, పంపేశాడు.

రెండోసారి. కళ్ళముందే చెయ్యి చచ్చుబడిపోతుంటే, తన కుట్టు నచ్చిందని పొంగిపోయింది. ఆ మాట నాతో అనేటప్పుడు ఆమె ఏడవలేదు. దారానికి మైనం రాస్తూనే ఉంది, రాసిన దారానికే మళ్ళీ మళ్ళీ. నేను బల్లకి ఇవతల కూర్చుని ఫారాలు మడిచాను.

బొంత పక్కన పడేద్దామనుకుంది. భర్త ఒప్పుకోలేదు. "అమ్మ ఉండగానే పూర్తి చెయ్యి, చూసుకుంటుంది" అన్నాడు. ఆయన తప్పు లేదు. ఆయనకి తెలిసింది ఆయన అన్నాడు. ఇక విప్పేవాళ్ళు లేరు కదా, ఏడు నెలలు నడవని బొంత పదిహేను రోజుల్లో పరుగెత్తింది. ముక్క తరవాత ముక్క. కుట్టింది కుట్టినట్టే ఉంటుంటే భయం వేసేదట. పనిలోంచి వచ్చి, దీపం వెయ్యకముందే గుడ్డమీద చెయ్యి పెట్టి తడిమేది, ఎక్కడైనా ఒక్క పోగైనా తెగి ఉందేమోనని.

ఇంకా నాలుగు ముక్కలుండగా, భర్త పనికి వెళ్ళిన ఒక సెలవు రోజున, మంచం పక్కన కుడుతూ కుడుతూ చెప్పేసింది.

"అత్తయ్యా, ఆ పొద్దున నేను చూశాను. మీ చేతిలోంచి సూది మూడుసార్లు పడింది. మీ మాట ముద్దగా ఉంది. చూసి కూడా వెళ్ళిపోయాను. డాక్టరుతో నాకు తెలీదని చెప్పాను. మీ అబ్బాయికి ఇప్పటికీ చెప్పలేదు."

అత్తగారు ఆమెవైపే చూస్తోంది. అప్పటికి ఆ ఒక్క మాట కూడా రోజులో ఎప్పుడో గాని రావడం లేదు. పెదవులు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"కాదు" అంది.

నీ తప్పు కాదనా? క్షమించేది కాదనా? లేక దాహమా, పక్కకి తిప్పమనా? బైండింగక్క నీళ్ళు పట్టింది. పక్కకి తిప్పి పడుకోబెట్టింది. తలగడ సరిచేసింది. అన్నీ అయ్యాక మళ్ళీ అడిగింది, ఏమంటున్నారు అత్తయ్యా అని. ఆవిడ అప్పటికే నిద్రపోయింది.

"ఆ మాట నేను ఎంత కావాలంటే అంత మంచిగా అర్థం చేసుకోవచ్చు. కానీ కాఫీకి కూడా అదే మాట కదే" అంది నాతో.

బొంత ఆదివారం మధ్యాహ్నం పూర్తయింది. చుట్టూ ఎర్ర కాలికో అంచు వేసింది. భర్త చూసి కళ్ళు తుడుచుకున్నాడు. తీసుకెళ్ళి తల్లి మీద కప్పాడు, ఫోనులో ఫోటో తీశాడు, అక్కచెల్లెళ్ళందరికీ పంపాడు. ఆవిడ కళ్ళు పైకప్పువైపు ఉన్నాయి. కాసేపటికి ఆయాసపడటం మొదలుపెట్టింది. బొంత బరువు. ఆ వంటికి అంత బరువు ఆగదు. తీసేసి, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన పల్చటి దుప్పటే మళ్ళీ కప్పారు.

నేను ఆ తరవాతి వారం చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద పరిచి ఉంది. ఖాకీ, నీలం, నలుపు, ఎరుపు, మధ్యమధ్య ఎవరివో తెలియని పూల కర్టెన్లు. ఒక్క ముక్కకీ ఇంకో ముక్కకీ పొంతన లేదు, అయినా చూడటానికి బాగుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది. పైన రెండొంతులు ఆవగింజలు. ఆ కింద అక్కడక్కడ ఒప్పుకున్న నాలుగు ముక్కలు, దాదాపు అలాంటివే. వాటి చుట్టూ మిగతావి. ఆ మిగతావి మంచివో కావో చెప్పే మనిషి పక్కగదిలో పడుకుని ఉంది, చెప్పలేదు.

"బాగుందక్కా" అన్నాను.

"అనకు" అంది. "ఎవరు బాగుందన్నా కొట్టాలనిపిస్తోంది. బాగాలేదన్నా కొడతాననుకో."

"కప్పుకుంటున్నారా?"

"ఆయన కప్పుకుంటున్నారు, నేనూ కప్పుకుంటున్నాను. ఏం చెయ్యను, వెచ్చగానే ఉంది." బొంత అంచు మడత సవరించింది. "విప్పుతున్నన్నాళ్ళూ ఎప్పుడు పూర్తవుతుందా అని ఏడ్చాను. ఇంకో పదేళ్ళు విప్పినా కుట్టేదాన్నే, అది మాత్రం తెలుసుకోలేకపోయాను."

పక్కగదిలోంచి చిన్న దగ్గు వినపడింది. ఆమె లేచి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఒక చేత్తో తల ఎత్తి పట్టుకుని, గంజి నీళ్ళలాంటిదేదో చెంచాతో బొట్టుబొట్టుగా పోస్తుంటే నేను గిన్నె పట్టుకున్నాను. ముప్పావుగంట పట్టింది. సగం గిన్నె కూడా అవ్వలేదు.

అత్తగారు ఇప్పటికీ ఉంది. అలాగే ఉంది. "కాదు" కూడా పూర్తిగా ఆగిపోయింది. బొంత మాత్రం రోజూ వాడుతున్నారు. పోయిన వారం మొదటిసారి ఉతికారట. తడిసిన బొంతని పిండటం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. మొగుడూ పెళ్ళాం డాబా మీద చెరో కొసా పట్టుకుని మెలితిప్పారు. ఆరేశాక ఆయన కింది వరస మీద వేలుపెట్టి చూపించి, "అమ్మ చెయ్యి చూడు, ఎంత ముచ్చటగా కుట్టిందో" అన్నాడట. ఆ వరస బైండింగక్క కుట్టింది.

"మరి చెప్పాల్సింది కదక్కా" అన్నాను.

"ఏది చెప్పమంటావు?" అంది.

ఆమె దబ్బనం తీసుకుని, తరవాతి ఫారాల కట్ట ఇటు తొయ్యమని చెయ్యి చాపింది.